గోడ దాటిన విస్తరి

తెల్లారి ఆరు కాకముందే మా వీధి మెట్ల మీద కొబ్బరికాయలు వరసకట్టాయి.

నిన్న సాయంత్రం మా ఇందు మీదకు అమ్మవారు వచ్చిందన్న మాట అనకాపల్లి నాలుగు వైపులా పాకిపోయింది. బెల్లం మార్కెట్టు వైపు నుంచి వచ్చారు, రైలుకట్ట అవతల నుంచి వచ్చారు. కోటవురట్ల బస్సు దిగి నేరుగా మా ఇల్లు అడుక్కుంటూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒకావిడకు కొడుకు పెళ్ళి కుదరడం లేదు. ఒకాయనకు పొలం గట్టు తగువు. అందరికీ కావలసింది ఒకటే, నా మనవరాలి నోటి నుంచి ఒక మాట.

నా మనవరాలేమో లోపలి గదిలో చాప మీద గోడకు జారబడి కూర్చుంది. నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. పెదాలు ఎండిపోయి పొట్టు లేచింది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, నా కళ్ళకు నలభై ఏళ్ళ మనిషిలా కనిపించింది.

నిన్న జరిగింది నేను కళ్ళారా చూశాను. ఉగాది ముందటి కొత్త అమావాస్య జాతరకు ఇంకా నాలుగు రోజులే ఉందని త్రినాధరావు పెరట్లో కథ సాధన పెట్టుకున్నారు. మాది బుర్రకథ మేళం. తంబూరా భుజాన వేసుకుని కథ నడిపేది ఇందు. అటో వంత, ఇటో వంత. ఎడమ పక్కన నిలబడి జనాన్ని నవ్వించేవాడు త్రినాధరావు. నా కోడలు కుమారికి అన్న, మేళానికి పెద్ద.

యుద్ధ ఘట్టంలో ఇందు రెండడుగులు ముందుకు వేసింది. మూడో అడుగు పడలేదు. ఒళ్ళంతా జలదరించింది, కళ్ళు తేలేసింది, తంబూరాతో సహా కూలిపోయింది.

పసుపు చీర కట్టుకుని, మెళ్ళో అమ్మవారి మాల వేసుకుని, పద్దెనిమిది రోజులుగా దీక్షలో ఉన్న పిల్ల అలా వణికి పడితే మా వైపు ఆడవాళ్ళకు తోచేది ఒక్కటే. పసుపునీళ్ళు తెచ్చారు. వేపమండలు తెచ్చారు. కర్పూరం వెలిగించారు. "ఏటి కావాలమ్మా, సెప్పు తల్లీ" అని చుట్టూ మూగారు.

ఇందు కళ్ళు తెరవకుండానే, "అన్నం" అంది. "కాస్త అన్నం ఎట్టండే."

ఇంకేముంది! గంటలో వీధి వీధంతా ఎసరు పెట్టింది. గంపలకెత్తి గుడికి తీసుకెళ్ళి అమ్మవారి ముందు రాశి పోశారు. తర్వాత ఇంటింటికీ పంచారు. పిల్ల నోట్లో మాత్రం ఒక్క మెతుకు పడలేదు. మాలలో ఉన్న మనిషి ఒంటిపూటే తినాలి, ఆ పూట అప్పటికే అయిపోయింది కదా!

నేనూ చేతులు జోడించాను. నేనూ ఆ అన్నం తిన్నాను. ఉప్పు తగ్గిందని కూడా అన్నాను. అబద్ధం చెప్పి ఏం చేసుకుంటాను ఈ వయసులో.

* * *

కుమారి గిన్నెలో పసుపు కలిపి కూతురి పాదాలకు రాస్తోంది.

"అత్తా, పసుపు సాలదు. ఇంకో పేకెట్టు ఇప్పు."

"పిల్ల నిలబడ్లేకపోతంటే పసుపేటే కుమారీ?"

"నిలబడక్కర్నేదు. పీట మీద కూకోబెడదాం. జనం ఎంతసేపని ఎండలో ఉంటారు?"

"అమ్మా, నానేటీ సెప్పలేనే" అంది ఇందు, గాలి మాట్లాడినట్టు.

"నువ్వెవులివి సెప్పడానికి? అమ్మ సెప్తాది. నువ్వు కూకో, సాలు."

"మంచినీళ్ళియ్యవే."

కుమారి నీళ్ళిచ్చింది. ఇస్తూ రెండు చేతులూ జోడించి మరీ ఇచ్చింది. కన్నతల్లి! నాకు ఒళ్ళు మండింది.

"ఆపవే ఆ దండాలు. అది నీ కూతురు."

కుమారి పసుపు చేతుల్తోనే నా వైపు తిరిగింది. దాని కళ్ళలో నీళ్ళున్నాయి. "ఒక్క రోజు అత్తా. ఒక్క రోజు ఉండనీ. అయిదో తరగతి నుంచీ నా కూతురు నడిసెల్తంటే నవ్వినోళ్ళే ఈ వీధంతా. కొలతలకి బట్ట సాలదని టైలరు నవ్వేడు. ఆటోలో ఇద్దరి చార్జీ అడిగేడు ఒకడు. ఈయేల ఆళ్ళే వచ్చి కాళ్ళకి మొక్కుతామంటన్నారు. కన్నదాన్ని, నాను సూడకూడదా?"

నేను ఇంకో పసుపు పేకెట్టు విప్పి ఇచ్చాను.

అప్పుడే పాలక్యాన్ పట్టుకుని ఎర్రయ్య వచ్చాడు. మా పెరటి గోడకు అవతల ఎర్రయ్య పశువుల పాక. మనిషి అమాయకుడు, గొంతు పెద్దది. నన్ను అక్క వరసన అప్పా అంటాడు.

"అప్పా! అమ్మవారు మీ ఇంట్నే ఉందని నాకు ఎప్పుడో తెలుసు" అన్నాడు గుమ్మంలో చెప్పులు విప్పుతూ. "నా గేదికి ముందే తెలుసు."

"నీ గేదికేటి తెలుసురా?"

"రోజూ పన్నెండు గంటలకి ఠంచనుగా ప్రసాదం పంపుతంది గదా తల్లి. గోడ మీంచి విస్తరి పడతాది. అన్నం, పప్పు, ముద్ద కదపకుండా. నా గేది పదకొండున్నరకే ఆ గోడకాడికెల్లి మెడ సాపుకుని నిల్సుంటంది. లీటరు పాలు ఎక్కువిత్తంది అప్పా!"

నవ్వుతూ చెప్పాడు. దణ్ణం పెట్టుకుని క్యాన్ గట్టు మీద పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అన్నాను.

"మాల ఏసిన కాడ్నుంచీ. ఒక్కరోజు తప్పనేదు."

కుమారి చేతిలో పసుపు గిన్నె అలాగే ఉండిపోయింది.

మాలలో ఉన్నవాళ్ళు అన్నం తింటుంటే ఇంకొకళ్ళు చూడకూడదని మా ఇంట్లో పట్టింపు. మా అత్తగారి నాటి నుంచీ ఉంది. విస్తరి పెరటి వైపు గదిలో పెట్టి తలుపు దగ్గరకు వేసేస్తాం. కాసేపటికి తలుపు తీసుకుని, మూతి తుడుచుకుంటూ ఇందు బయటికొచ్చేది. "తిన్నావా అమ్మా?" అని అడగడం కూడా తప్పే. కనుక ఎవరం అడగలేదు. పొద్దున్న చెంబుడు పాలు, రాత్రి రెండు అరటిపళ్ళు. పద్దెనిమిది రోజులు ఆ పిల్ల వాటి మీద బతికింది. తలుపు మూసింది మేమే.

"దీక్షంటే ఇదేనేటే?" కుమారి కూతురి మీదకు వెళ్ళింది. "నాను తలంటుకుని, మడి కట్టుకుని వండిన కూడు గేదికా?"

ఇందు తల దించుకుంది.

"అడుగుతంటే సెప్పవేటే?"

కుమారి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పిల్ల మెళ్ళో మాల ఉంది. మాలలో ఉన్నవాళ్ళను కొట్టకూడదు కదా. ఆ చేత్తోనే తన నుదురు కొట్టుకుంది.

* * *

నా కొడుకు నానాజీ అచ్యుతాపురం మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసుకుని బస్సు దిగి వచ్చాడు. వాడికి ఇదేమీ తెలియదు. మెట్ల దగ్గర ఎవరో ముసలామె "అమ్మవారిని కన్న బాబు" అంటూ వాడి కాళ్ళు పట్టుకోబోయింది. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, బెదిరిపోయి లోపలికొచ్చి పడ్డాడు.

"ఏటమ్మా ఇది? జాతర మనింటికే వచ్చీసిందా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు గోడకు చేరబడి విన్నాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. విని విని, "ఆస్పత్రికెల్దాం. ఆటో పిలుత్తాను" అన్నాడు.

"ఎలా ఎల్తావు?" అంది కుమారి. "రెండొందల మంది ఉన్నారు బయట. ఏటని సెప్తావు? అమ్మవారికి సెలైను ఎక్కించాలి, తప్పుకోండంటావా?"

"పిల్ల సచ్చిపోతే ఏటని సెప్తావే నువ్వు?"

"ఆ మాటనకు! మాలేసుకున్న ఇంట్లో ఆ మాటనకు!"

"మాల, మాల! ఎవులేసేరే ఆ మాల?"

వేసింది నేను. గుళ్ళో అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, నా చేతుల్తో ఆ పిల్ల మెళ్ళో వేశాను. "మామ్మా, జాతర దాకా దీక్ష చేత్తాను" అని ఇందే వచ్చి అడిగింది. నా మనవరాలికి ఎంత భక్తి అని మురిసిపోయాను.

కుమారి పొయ్యి దగ్గరికి పరుగెత్తి గంజి కాచి తెచ్చింది. ఇందు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. వాసన తగలగానే మొహం తిప్పేసుకుంది. మళ్ళీ పెట్టుకుంది. గుక్కెడు నోట్లోకి పోయింది, మింగలేక కొంగులోకి ఉమ్మేసింది.

"దిగట్లేదమ్మా. నిజం. మొదట్లో ఆకలేసీది, ఏడుపొచ్చీది. ఇప్పుడు అన్నం సూత్తేనే బయమేత్తంది."

కుమారి ఆ గ్లాసు పట్టుకుని నేల మీద కూలబడింది.

* * *

ఏడున్నరకి త్రినాధరావు వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుటిన నిలువు కుంకుమ, జేబులో రెండు ఫోన్లు. వస్తూనే, "బావా, బయట జనాన్ని సూసేవా? జాతర్లో మన కథకి మైదానం సాలదు" అన్నాడు.

"జనం సంగతి అలా ఉంచు బావా. పిల్లని సూడు" అన్నాడు నానాజీ.

త్రినాధరావు చూశాడు. ఎర్రయ్య గేదె సంగతి విన్నాడు. మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

"ఎందుకు సేసేవు తల్లీ ఈ పని?"

ఇందు మెల్లగా తలెత్తింది. "ఆ ఫ్లెక్సీలో ఉన్నదెవులు మావా?"

జాతరకు పాతబస్టాండు దగ్గర ఈ పొడుగు ఫ్లెక్సీ కట్టించాడు త్రినాధరావు. తంబూరా పట్టుకుని ఇందు నవ్వుతూ ఉంటుంది. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. నేనూ ఆటోలో వెళ్ళి చూసి వచ్చాను.

"అదేటి? నువ్వే గదా."

"నాను కాదు. ముకం నాది. మెడకింద ఎవత్తో."

"కాస్త సన్నం సెయ్ రా అని ఆ కంప్యూటర్ కుర్రోడికి నానే సెప్పేను. తప్పేటి? అందరూ సేయించుకుంటన్నారు. నీకు బాగుంటాదని..."

"బాగుంది మావా. అందరికీ బాగుంది. మర్నాడు నాను ఆ పక్కనుంచే నడిసెల్తే ఒక్కడు గుర్తుపట్టనేదు. జాతర రోజు స్టేజీ ఎక్కుతాను గదా, జనం ఆ పిల్ల కోసం సూత్తారు గదా. నన్ను సూసి ఏటంటారు? అందుకే మాల అడిగేను. మాలలో ఉంటే ఎందుకు తిన్లేదని ఎవులూ అడగరని."

వీధిలో ఎవరో గంట వాయించారు.

నాకు మా అక్క పైడితల్లి గుర్తుకొచ్చింది. ఎక్కడికి పోతుంది! ఈ మేళం పెట్టింది మా అక్కే. భారీ మనిషి. మైకు లేని రోజుల్లో ఆమె గొంతు ఊరి చివర కళ్ళం దాకా వినపడేది. నేను పక్కన వంత పాడేదాన్ని. నాకు గొంతు అంతంతమాత్రం, ఒళ్ళు మాత్రం కొరడాలా ఉండేది. కాంట్రాక్టరు కాగితాల మీద బొమ్మ అచ్చేయించినప్పుడు కింద పేరు మా అక్కది, పైన బొమ్మ నాది. రోలుగుంటలో జనం "కాగితంలో ఉన్న మనిషేది?" అని గోల చేశారు. అక్క పకపకా నవ్వి, "ఆ మనిషిని నానే మింగీసేను" అంది. జనం పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అక్క నా ముందు కంచం పెట్టుకోలేదు. నేను తిని లేచాక తినేది. అది నాకు ఇవాళ తట్టింది. యాభై ఏళ్ళు పట్టింది.

"త్రినాదా" అన్నాను, "ఫ్లెక్సీ సంగతి పక్కనెట్టు. నాలుగేళ్ళ నుంచీ స్టేజీ మీద దీన్ని ఏనుగంటన్నావు. రాజుగారు యుద్దానికి ఏనుగు కావాలంటే, ఏనుగెందుకు దొరా, మా కథకురాలుంది గదా అంటన్నావు. అది ఆపు ముందు."

"అత్తా, అది హాస్యం. హాస్యం వంత కథకుణ్ణి ఆడిపోసుకోపోతే కథ ఎలా నిలుత్తాది? నీకు తెల్దా? పాప కూడా తిరగబడి ఓ మాటంటాది గదా. 'ఏనుగు నడిస్తే దారి అదే వత్తాది రా' అంటాది. అప్పుడు సూడాలి సప్పట్లు!"

"నన్ను ఏనుగనే ఆ హాస్యం నానే రాసేను మామ్మా" అంది ఇందు.

అందరం దాని వైపు తిరిగాం.

"పదిహేడేళ్ళప్పుడు. ముందు వరసలో కుర్రోళ్ళు ఎలాగూ అంటన్నారు. ఆళ్ళకంటే ముందు మనవే అనీసుకుంటే ఆళ్ళకి అనడానికి ఏటీ మిగల్దనుకున్నాను. మావ వద్దన్నాడు. నానే బతిమాలేను." కాస్సేపు ఊపిరి తీసుకుంది. "మిగిలింది మామ్మా. రోలుగుంటలో నా కథ ఎవులో ఫోన్లో తీసేరు. రెండు గంటల కథలో ఆ ఏనుగు ముక్కొక్కటే కోసి పెట్టేరు. నా జవాబు రాకముందే కోసీసేరు. నాలుగు లక్షల మంది సూసేరు. పాడింది ఒక్కరూ విన్లేదు."

త్రినాధరావు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత బాగుండును, నాలుగు తిట్టి తలుపేసుకునేదాన్ని.

"మాకు సెప్పొచ్చు గదే" అన్నాను నేను. "మీ అమ్మకి సెప్పకపోతే పోనీ, నాకు సెప్పొచ్చు గదా. నాను నిన్నేనాడైనా ఒక్క మాటన్నానా?"

ఇందు నన్ను చాలాసేపు చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"మాటన్లేదు మామ్మా. మాలేసిన వారానికి జాకెట్టు వదులైందని నీ కాడికొచ్చేను. రెండు కుట్లు లోపలికేసి ఇచ్చేవు. మళ్ళీ వారానికి మళ్ళీ వచ్చేను. మళ్ళీ ఏసేవు. సూది నోట్లో ఎట్టుకుని నవ్వేవు. 'ఇప్పుడు సూడు, ఎంత సుబ్బరంగా ఉన్నావో' అన్నావు. పుట్టిన కాడ్నుంచీ నువ్వు నన్నలా సూడ్డం అదే మొదలు."

అన్నాను. ఆ మాట అన్నాను. గుర్తులేదని చెప్పడానికి కూడా లేదు. నాకు అన్నీ గుర్తుంటాయి, అదే నా ఖర్మ.

* * *

త్రినాధరావు కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"తల్లీ, ఒక్క ముక్క పాడు. యుద్దానికెల్లే రౌతుకి వీడ్కోలు సెప్పే కాడ ఆ పొడుగు తానం. కూకునే పాడు."

"బావా, ఇప్పుడా?" అన్నాడు నానాజీ.

"ఇప్పుడే తెలాలి బావా. పది గంటలకి కమిటీ ఓళ్ళకి మాట సెప్పాలి."

ఇందు కళ్ళు మూసుకుంది. ఎత్తుకుంది. గొంతు అదే, దారి అదే. కానీ సగం దారిలో ఊపిరి తెగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఇంకా ముందే తెగింది. ఒకప్పుడు ఆ తానం ఒక్క గుక్కలో పట్టి, చివర ఇంకా మిగిలిందని నవ్వే పిల్ల అది. మూడోసారి నోరు తెరిచింది కానీ శబ్దం రాలేదు.

తనకు తెలియకుండానే చెయ్యి గుండె మీద పెట్టుకుంది, అక్కడేదో ఉండాల్సింది పోయినట్టు.

"ఏటైపోయింది మావా?" అంది. ఈ పద్దెనిమిది రోజుల్లో దాని మొహంలో భయం చూడడం అదే మొదలు. "నా గొంతేటైపోయింది?"

"ఏటీ అవ్వనేదు. తింటే వత్తాది" అన్నాడు త్రినాధరావు. "కానీ తల్లీ, మూడ్రోజులే ఉంది. కమిటీ ఓళ్ళు ఇంకో పిల్లని సూసి ఎట్టుకున్నారు. వైజాగు పిల్ల. సన్నంగా ఉంటాది. టేపు ఏసి పెదాలు కదుపుతాదంట. నువ్వు సెయ్యలేవంటే..."

"నానే సేత్తాను."

"ఎలా సేత్తావు?"

జాతర వేదిక మీద కథ చెప్పాలని ఇందు అయిదేళ్ళ నుంచీ ఎదురుచూస్తోంది. మా అక్క తర్వాత మా ఇంటి ఆడపిల్ల ఆ వేదిక ఎక్కలేదు. ఒళ్ళు తగ్గితేనే ఎక్కగలననుకుంది. తగ్గింది. ఎక్కడానికి ఊపిరి లేదు.

బయట ఒకరిద్దరు తలుపు తట్టారు. "అమ్మా, తల్లీ, ఎండెక్కిపోతంది. ఒక్కసారి దర్సనమియ్యి!"

కుమారి లేచింది. "నానెల్లి సెప్తాను. అమ్మ అలిసిపోయింది, జాతరయ్యాక రండని సెప్తాను. ఈలోగా పెరటి దారిన ఆటో ఎక్కించండి. ఎవులికీ తెల్దు. మాల మాలలాగే ఉంటాది, పిల్ల ఆస్పత్రిలో ఉంటాది."

"అబద్దమా?" అన్నాను.

"నిజం సెప్తే తట్టుకుంటావా అత్తా?"

మేం ఇద్దరం వాదులాడుకుంటూనే ఉన్నాం. ఇందు ఎప్పుడు లేచిందో ఎవరం చూడలేదు. గోడ పట్టుకుంది, గుమ్మం పట్టుకుంది, గడియ తీసింది.

జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. చేతులన్నీ పైకి లేచాయి. కర్పూరం పొగ గుప్పుమని లోపలికి కొట్టింది.

ముందున్నవాళ్ళను తోసుకుంటూ ఒక ఆడమనిషి మెట్టెక్కింది. కూరగాయల మార్కెట్లో కొట్టు పెట్టుకునే దేముడమ్మ. పన్నెండేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. బొద్దుగా, బుగ్గలతో, కొత్త పసుపు గౌనులో ఉంది పిల్ల. తల వంచుకుని నిలబడింది.

"తల్లీ, ఇది నా కూతురు సుమశ్రీ. డాన్సు బాగా సేత్తాది. ఇస్కూల్లో ఫంక్షనుకి టీచరు ఎనక వరసలోకి నెట్టీసేరు, లావని. నిన్ను ఫ్లెక్సీలో సూసేను. ఎంతలో ఎంతయ్యేవో! అంతా అమ్మ దయ. ఆ దీక్షేదో నా గుంటకి కూడా ఇప్పించు తల్లీ. మాల కూడా కొనీసేను."

కాగితం పొట్లం విప్పింది. లోపల చిన్న పూసల మాల.

ఇందు ఆ మాల ముట్టుకోలేదు. గుమ్మం వదిలేసి, మెల్లగా పై మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు పిల్ల మొహమూ దాని మొహమూ ఒక ఎత్తులో ఉన్నాయి.

"ఏటి తిన్నావే పొద్దున్న?"

సుమశ్రీ తల్లి వైపు చూసింది. తర్వాత గుసగుసగా, "నిన్న మజ్జాన్నం నుంచీ ఏటీ తిన్లేదక్కా" అంది. "నీకులాగే."

దేముడమ్మ మొహం పాలిపోయింది. "తిన్లేదా? క్యారేజీ కాళీ అయ్యింది గదే!"

ఇందు సుమశ్రీ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. వెనక్కి తిరగకుండానే అంది, ఈసారి గొంతు అందరికీ వినపడింది.

"అమ్మా, రెండు కంచాల్లో అన్నం ఎట్టి ఇక్కడికి పట్రా."

మెట్ల మీద గొణుగుడు మొదలైంది. మాలలో ఉన్న మనిషి, పొద్దున్న ఎనిమిదింటికి, నలుగురి కళ్ళ ముందు అన్నం తింటే దీక్ష అక్కడితో తెగినట్టే. అది తెలియనివాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు.

నా వెనక నుంచి త్రినాధరావు, "లోపలికి రా తల్లీ. తిందువుగాని. తలుపేసుకుని, ఎవులూ సూడకుండా" అన్నాడు. వాడి జేబులో ఫోను మోగుతోంది. తియ్యలేదు.

"ఇక్కడే తింటాను మావా. దిగితే దిగుతాది, లేపోతే లేదు."

నానాజీ కుమారి వైపు చూశాడు. నేనూ చూశాను. గుమ్మంలో నిలబడి ఉంది నా కోడలు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. రెండొందల మంది చేతులు ఇంకా జోడించే ఉన్నాయి దాని కూతురికి.

"ఎల్లవే కుమారీ" అన్నాను. "అన్నం పట్రా."

కుమారి కదల్లేదు.

"మళ్ళీ నవ్వుతారత్తా" అంది.